ఎండిన కాయకు నీళ్లు

2003 ఆగస్టు 21, గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు గుంటూరు శివారులోని ఒక కోల్డ్ స్టోరేజీ వసారాలో మస్తాన్‌వలి మిరపకాయల బస్తా కుట్టు విప్పాం. పైనున్న కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి నడుమ నుంచి ఒక గుప్పెడు తీశాను. అది తెల్లగా ఉంది. కాయ మీద బూజు. చీలిస్తే గింజల మీద కూడా బూజు, అక్కడక్కడా పచ్చగా, నల్లగా.

అక్కడ నలుగురం ఉన్నాం. మస్తాన్‌వలి సత్తెనపల్లి దగ్గరి ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేసే రైతు, నేను చెప్పినట్టు కాయ ఎండబెట్టిన మనిషి. సాంబయ్య అతని పక్క చేను ఆసామి, నేను చెప్పింది ఒక్కటీ చెయ్యని మనిషి. మూడోవారు మా ఆఫీసరుగారు. సాంబయ్య బస్తాలు కూడా అదే గదిలో, అదే వరసలో, అదే రోజు నుంచి ఉన్నాయి. మస్తాన్‌వలి బస్తాల తరవాత సాంబయ్యవి విప్పాం. పైనుంచి అడుగు దాకా మచ్చ లేదు.

మా ఆఫీసరుగారు బూజు కాయ ఒకటి తీసి వాసన చూశారు.

"నీళ్లు చల్లావా?"

"చల్లామండీ" అన్నాడు మస్తాన్‌వలి. తడుముకోలేదు. తల దించుకోలేదు. అడిగారు కాబట్టి చెప్పాడు.

ఆఫీసరుగారు నా వైపు తిరిగారు. "విన్నారుగా మేడం. రాసుకోండి."

రాసుకున్నాను. మస్తాన్‌వలి ఇంకేదో చెప్పబోయాడు. అప్పటికి ఆయన జీపు వైపు నడుస్తున్నారు, నేను ఆయన వెనక నడుస్తున్నాను.

నా ఉద్యోగం

1998 నుంచి 2006లో రిటైరయ్యేదాకా నేను చేసిన పని పంట చేతికొచ్చాక జరిగే నష్టాన్ని తగ్గించడం. విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు సలహా చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కాయ కోశాక చెప్పేవాళ్లుండరు. కళ్లంలో కొంత, దారిలో కొంత, గోదాములో కొంత పోతుంది. ఎక్కడికక్కడ కొంచెమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ కొంచాలన్నీ కూడడానికి నన్ను పెట్టారు. లెక్కలు నాకు ఇష్టం. ఆ ఇష్టం వల్లే చెడ్డానేమో అని ఇప్పుడు అనుమానం.

కొత్తగా చేరే పిల్లలకు మొదటి ఏడాది సంగతి ఒకటి చెప్పాలి. పర్చూరు వైపు ఒక గోదాములో ఎలుకలు ఎన్ని శనగలు తింటున్నాయో తేల్చమన్నారు. వంద బస్తాలు జూన్‌లో తూచాను, అక్టోబరులో మళ్లీ తూచాను. ఎలుకలు కొరికిన బస్తాలు కళ్లముందే ఉన్నాయి, పెంటికలు చేటతో ఎత్తాం, కానీ బరువు మాత్రం పెరిగింది. అప్పటి నా పై అధికారి ఆ కాగితం చూసి పెద్దగా నవ్వారు.

"ఎలుకలు తిన్నాక శనగలు బరువెక్కాయని పంపితే పైవాళ్లు ఏమనుకుంటారమ్మా? ఎలుకలే గింజలు పెట్టి పోయాయనుకుంటారు. నష్టం సున్నా అని రాయి."

వర్షాకాలం గాలికి శనగ తేమ పీల్చింది, బరువు పెరిగింది. ఎంత తిన్నాయో, ఎంత పీల్చిందో విడదీయాలంటే తేమ కొలవాలి. అప్పటికి మాకు తేమ మీటరు లేదు. నేను సున్నా రాయనన్నాను, ఆయన తనే రాసుకున్నారు. తరవాత పట్టుబట్టి మీటరు తెప్పించుకున్నాను. మీటరు వచ్చాక ఇక తప్పు జరగదనుకున్నాను.

పట్టా మీద కాయ

గుంటూరు జిల్లాలో మిరపకాయ నేల మీదే ఎండుతుంది. మట్టి అంటుతుంది, కోళ్లు తిరుగుతాయి, ఒక వాన పడితే కాయ తెల్లబారి తాలు అవుతుంది. మేం చెప్పిన పద్ధతి సులువే. టార్పాలిన్ పట్టా పరిచి దాని మీద పలచగా పొయ్యాలి, పగలు తిరగెయ్యాలి, మాపటికి మంచు పడకుండా కప్పాలి, తేమ నూటికి పది పదకొండుకు దిగేదాకా ఎండబెట్టాలి. అట్లా ఎండబెట్టిన పన్నెండుమంది రైతుల పేర్లతో ఒక జాబితా చేశాం. మసాలా పొడులు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఆ జాబితాలో ఉన్నవాళ్ల దగ్గర నేరుగా కొంటానంది. జాబితాలో మొదటి పేరు మస్తాన్‌వలిది. అతను ఒప్పుకున్నాకే మిగతా పదకొండుమంది ఒప్పుకున్నారు.

అతను ఆ మూడెకరాలు పదకొండేళ్లుగా చేస్తున్నాడు. పొలం ఆసామి వేరే ఊళ్లో ఉంటాడు. జాబితా సంగతి తెలిసి, అందులో పేరున్నంతకాలం కౌలు వేరేవాళ్లకు మార్చేది లేదని మాటిచ్చాడట. కాబట్టి మస్తాన్‌వలికి ఆ కాయ పాడవకుండా ఉండడమంటే పొలం ఉండడమే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

ఆ ఫిబ్రవరిలో నేను వారానికి రెండుసార్లు వాళ్ల కళ్లానికి వెళ్లేదాన్ని. సాంబయ్య గట్టు మీద నిలబడి నన్ను చూసి మరీ గొంతు పెంచేవాడు.

"ఏరా మస్తానూ, మిరగాయలకు పరుపు వేశావే! దుప్పటి కూడా కప్పరా!"

"కప్పుతా బాబాయ్. మాపటికి కప్పమన్నారు మేడంగారు."

"తలగడో?"

"నీ ఇంట్లో ఉంటే పంపు."

మస్తాన్‌వలి భార్య హుస్సేన్‌బీ రెండు గంటలకొకసారి కాళ్లతో కాయ తిరగేసేది. ఎండలో ఆ ఘాటుకి కళ్లల్లో నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, "మా పిల్లలకు కూడా ఇంత సేవ చెయ్యలేదండీ" అనేది.

మార్చి 10, సోమవారం, సాయంత్రం నాలుగు గంటలకు కుప్పలో ఆరుచోట్ల మీటరు పెట్టాను. సగటు పది. కాయ ఊపితే గింజ గలగలమంది. పక్క కళ్లంలో సాంబయ్య కాయ కూడా ఆరుచోట్ల చూశాను. పన్నెండున్నర.

"ఇంకో నాలుగు రోజులు ఎండనివ్వండి సాంబయ్యగారూ."

"ఇంకా ఎండితే పగులుద్దమ్మా."

బద్ధకానికి ఒక సాకు అనుకున్నాను. ఆ రోజు మీటరు చూపించిన పన్నెండు అంకెలూ నా నోటుబుక్కులో ఉన్నాయి. సాంబయ్య అన్న ఆ మాట లేదు. తరవాత ఎప్పుడో గుర్తొచ్చింది.

అయిదున్నర బస్సుకి నేను గుంటూరు వెళ్లిపోయాను. ఆ ఊళ్లో ఆడ ఆఫీసరు పడుకోవడానికి చోటు లేదు, నేనూ వెతకలేదు. మగ ఆఫీసర్లకు చోటుంది, వాళ్లూ ఉండలేదు. మర్నాడు తెల్లారి కాయను కాళ్లతో తొక్కి బస్తాలు నింపారు, లారీ ఎక్కించారు, పదిన్నరకు కోల్డ్ స్టోరేజీకి చేరాయి. మస్తాన్‌వలివి నలభై ఎనిమిది, సాంబయ్యవి యాభై.

సంతకం

బూజు కనిపించిన తరవాత వారం రోజులు నేను చేసిన పని అనుమానించడం. ముందు మీటరును అనుమానించాను. కొంత కాయను పూర్తిగా ఎండబెట్టి, తూచి, దాంతో సరిచూశాను. బాగానే ఉంది. గదిలో చలి తగ్గిందేమో అనుకున్నాను. తగ్గితే పక్కన ఉన్న సాంబయ్య బస్తాలూ పోవాలి. విత్తనం ఒకటే, నేల ఒకటే. జాబితాలోని మిగతావాళ్ల కాయ నిల్వకు పోకుండా వేసవిలోనే అమ్ముడైంది, పోల్చడానికి లేదు. పట్టా మీద కింది కాయ చెమర్చిందేమో అనుకున్నాను. మరి మీటరు ఎందుకు పది చూపించింది? చివరికి తేలిందేమిటంటే, నేను చెప్పినట్టు చేసిన మనిషి కాయ పోయింది, చెయ్యని మనిషి కాయ నిలిచింది. ఆ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

సాంబయ్యను పిలిచి అడిగాను. "మస్తాన్ నీళ్లు చల్లిన మాట నిజమేనా?"

"నిజమే. నేనూ చల్లా."

"మీరూనా?"

"అందరం చల్లుతాం. చల్లనోడెవడు?"

ఈ మాటతో నాకు ఇంకా అయోమయమైంది. ఇద్దరూ చల్లితే ఒకరిదే ఎందుకు పోయింది? కోల్డ్ స్టోరేజీవాళ్ల తూకం చీటీలు తెప్పించాను. ఇద్దరి బస్తాలూ ఒకటే సైజు. సాంబయ్య బస్తా సగటు నలభై కిలోలు. మస్తాన్‌వలి బస్తా నలభై రెండు.

మా ఆఫీసరుగారు చీటీలు చూసి బల్ల మీద చెయ్యి చరిచారు. "బస్తాకి రెండు కిలోలు నీళ్లు కొట్టాడు మేడం. మీరు ఎండబెట్టించారు, అతను తడిపాడు. ఇంకా ఏం తేలాలి మీకు?"

"తన కాయలో తనే నీళ్లు పోసుకుని అయిదు నెలలు దాచుకుంటాడా సార్? అమ్మేరోజున పోస్తే మోసం అనవచ్చు."

"అంత ఆలోచించేవాడైతే మోసమెందుకు చేస్తాడు? మీకు లెక్క మీద నమ్మకమా, మనిషి మీదా?"

నేను లెక్క మీద నమ్మకం అన్నాను. అయిదేళ్ల కిందట పర్చూరులో బరువు నాకు అబద్ధం చెప్పింది. అది మరిచిపోయాను.

రిపోర్టు ఆయన చెప్పారు, టైపు చేయించాను. "బరువు పెంచే ఉద్దేశంతో నీరు చల్లినట్టు రైతు స్వయంగా ఒప్పుకున్నాడు" అని ఒక వాక్యం. అతను అన్నది "చల్లామండీ" అని. మొదటి మూడు మాటలు అతనివి కావు. నేను అక్కడే నిలబడి విన్నదాన్ని. ఆగస్టు 29, శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి సంతకం చేశాను.

ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు. అతను తప్పు చేస్తే నా పద్ధతి ఒప్పవుతుంది. ఆ ఆశ నాకు లేదని చెప్పలేను.

జాబితాలోంచి మస్తాన్‌వలి పేరు తీసేశారు. నీళ్లు కొట్టే మనిషని ఊళ్లో పేరొచ్చింది. అందరూ చల్లేవాళ్లే, అయినా కాగితం మీదకెక్కింది అతనొక్కడే. నెల తిరక్కుండా పొలం ఆసామి మూడెకరాలూ వేరేవాళ్లకిచ్చాడు.

తెల్లవారి అయిదున్నర

ఆ చలికాలం నోటుబుక్కు ముందేసుకుని మార్చి 10 సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు పదిన్నర దాకా గంట గంటకీ ఏం జరిగిందో రాసుకుంటూ పోయాను. అయిదున్నరకు బస్సు అని రాశాక ఆగిపోయాను. ఆ తరవాత పదిహేడు గంటలు ఖాళీ. మొత్తం కాయ నీళ్లు తాగింది ఆ పదిహేడు గంటల్లోనే. ఆరేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తూ మిరపకాయ బస్తాలో తొక్కడం నేను ఒక్కసారీ చూడలేదు.

2004 మార్చి 8న అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచరు ఇంట్లో పడుకుని, మర్నాడు మంగళవారం తెల్లవారి అయిదున్నరకు కళ్లంలో ఉన్నాను. జాబితాలో ఉన్న మరో రైతు కాయ. పట్టా మీద ఎండినదే, ముందురోజు సాయంత్రం మీటరు పది చూపింది. బస్తాలు తొక్కే కూలీల ముఠా వచ్చింది. మేస్త్రి కోటయ్య. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. కుప్పలోంచి ఒక కాయ తీసి గుప్పిట్లో నొక్కాడు. పేలినట్టు చప్పుడై ముక్కలైంది.

"ఇది నిరుడు మస్తాను కాయలాగానే ఉందిరా. ఇంకో నాలుగు బిందెలు తేండి."

నేను ముందుకెళ్లాను. "ఎన్ని నీళ్లు చల్లుతావు కోటయ్యా?"

"కొలతేం ఉందమ్మా. నొక్కితే ఇరక్కుండా వంగాలి. వంగేదాకా చల్లుతాం."

"సాంబయ్యగారి కాయకో?"

"ఆయన కాయ వంగే ఉంటది. ఊరికే నాలుగు చిలకరింపులు. ఇదిగో, ఈ పరుపు కాయలకే మా నడుములు పడిపోతున్నాయి నీళ్లు మొయ్యలేక."

బిందెలు లెక్కపెట్టాను. బస్తాకి రెండు లీటర్లు పడింది. పది శాతం తేమ ఉన్న నలభై కిలోల కాయలో నాలుగు కిలోలు నీరు. ఇంకో రెండు పోస్తే నలభై రెండు కిలోల్లో ఆరు. నూటికి పద్నాలుగు దాటింది. అదీ సమంగా ఇంకలేదు, తొడిమ దగ్గర నిలిచింది. గంట తిరక్కుండా అట్లాగే తొక్కి కుట్టేశారు. సాంబయ్యలాంటి కాయ పన్నెండున్నర దగ్గర మొదలై, నాలుగు చిలకరింపులకు పావు లీటరు వేసుకున్నా పదమూడు దగ్గర ఆగుతుంది.

నేను ఎంత ఎండబెట్టిస్తే వీళ్లు అంత తడుపుతున్నారు. సాంబయ్య నా మాట వినలేదు కాబట్టి అతని కాయ మిగిలింది.

"నీళ్లు లేకుండా ఒక్క బస్తా తొక్కు కోటయ్యా. నా కోసం."

"మీరే తొక్కండి మేడంగారూ, ఒక్కసారి. పుణ్యం ఉంటది."

ముఠా అంతా నవ్వింది. అయినా ఒక బస్తా పొడిగా తొక్కారు. లోపల దిగిన మనిషి రెండు నిమిషాలకు దగ్గుతూ బయటికొచ్చాడు, ఇంకొకడు దిగాడు, వాడూ వచ్చేశాడు. కోటయ్య తనే దిగి ముగించాడు. కాయ గాజుముక్కల్లా చిట్లింది. బస్తా అల్లికలోంచి రాలిన గింజ, ముక్క అంతా పట్టా మీద ఊడ్చి తూచాను. నలభై కిలోలకు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.

"చూశారుగా" అన్నాడు కోటయ్య కళ్లు తుడుచుకుంటూ. "మేం సరదాకి చల్లుతామా? పగిలిన కాయకి కొనేవోడు రాడు. రైతు మమ్మల్ని తిడతాడు. తడిస్తే మీరు తిడతారు. ఎవురి తిట్లు తినమంటారో మీరే చెప్పండి."



చీరాల

మస్తాన్‌వలి అప్పటికి చీరాలలో బావమరిది మరమగ్గాల షెడ్డులో పని చేస్తున్నాడని తెలిసింది. ఏప్రిల్ 4, ఆదివారం, రైలెక్కి వెళ్లాను. వాళ్లు రెండు గదుల ఇంట్లో ఉన్నారు. హుస్సేన్‌బీ నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మస్తాన్‌వలే కుర్చీ వేశాడు.

చూసిందంతా చెప్పాను. పద్నాలుగు, పదమూడు, రెండు లీటర్లు, పావు లీటరు. అతను శ్రద్ధగా విన్నాడు.

"అంటే బాగా ఎండబెట్టినందుకు పోయాయా అండీ?"

"బాగా ఎండబెట్టి, తరవాత తడిపినందుకు."

"తడపకుండా ఎట్టా తొక్కుతారండీ?"

"ఆ రోజు కోల్డ్ స్టోరేజీలో ఈ మాట ఎందుకు చెప్పలేదు మస్తాన్?"

"మీకు తెలియదని నాకేం తెలుసండీ? అన్నం వండేటప్పుడు నీళ్లు పోశావా అని అడిగితే పోశానంటాం గదా. ఎందుకు పోశావో కూడా చెప్పాలా?"

హుస్సేన్‌బీ గుమ్మంలోంచి అందుకుంది. "చెప్పబోయాడు గదండీ. మీరు కారెక్కారు."

"జీపు" అన్నాడు మస్తాన్‌వలి.

"ఏదో ఒకటి. వెనక్కి తిరిగి చూశారా?"

చూడలేదని చెప్పాను. ఆమె లోపలికెళ్లి టీ తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండా కిటికీలో పెట్టింది.

మస్తాన్‌వలి మళ్లీ అడిగాడు. "మరి ఇప్పుడు రైతులకు ఏం చెబుతున్నారండీ? తక్కువ ఎండబెట్టమంటున్నారా?"

"అట్లా చెప్పలేను. నేల మీద సగం ఎండిన కాయకి వాన తగిలితే మొత్తం పోతుంది. నిరుడు వాన పడలేదు కాబట్టి సాంబయ్య బయటపడ్డాడు."

"పోనీ పొడిగా తొక్కమనండి."

"తొక్కితే పగులుతుంది."

"తడపమనండి."

"బూజొస్తుంది."

అతను నవ్వాడు. వెటకారం కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "మీకూ తెలియదన్నమాట. నాకొక్కడికే తెలియదనుకున్నా ఇన్నాళ్లూ."

లేచేముందు అడిగాను, రిపోర్టు మార్పిస్తే తిరిగి వస్తావా అని. మార్పించండి, తరవాత చూద్దాం అన్నాడు.

తరవాత

పొరపాటు నాదని, రైతుది కాదని మూడు ఉత్తరాలు రాశాను. 2004 ఏప్రిల్ 7న ఒకటి, జులై 12న ఒకటి, 2005 జనవరి 3న ఒకటి. మా ఆఫీసరుగారు నన్ను పిలిపించి నెమ్మదిగానే మాట్లాడారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆ ఏడాది ప్రాజెక్టు సాగాలంటే పద్ధతి బాగుందని తేలాలి, అంతే. "అతను చల్లాడు, అతనే ఒప్పుకున్నాడు. సంతకం మీది. ఇప్పుడు ఏమని మార్చను?" అన్నారు.

2005లో కొత్త ఉపాయం పెట్టాను. నీళ్లు వద్దు, తొక్కే ముందురోజు రాత్రి కప్పు తీసేసి కాయకు మంచు తగలనివ్వండి అన్నాను. ముగ్గురు రైతులు ఒప్పుకున్నారు. మొదటివాడి కాయ చక్కగా వంగింది, నవంబరు దాకా బూజు లేదు. రెండోవాడి కళ్లంలో ఆ రాత్రి మంచే పడలేదు, ముఠా వచ్చి మామూలుగా నీళ్లు చల్లింది. మూడోవాడికి కప్పు తీసిన రాత్రే జల్లు పడింది. మూడు కళ్లాల్లో మూడు రకాలు. దీన్నుంచి ఏం నేర్చుకోవాలో నేను నేర్చుకోలేకపోయాను. నేర్చుకున్నట్టు రాసిన కాగితం ఒకటి మా ఆఫీసులో ఉండాలి. దాన్ని నమ్మకండి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక్కటి మాత్రం అనుమానం లేకుండా చెప్పగలను. పంట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే గంటలో అక్కడ ఉండండి. ఎండబెట్టేది రైతు ఇల్లాలు, తొక్కేది ముఠా, దాచేది స్టోరేజీవాడు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తారు. హుస్సేన్‌బీ సరిగ్గా ఎండబెట్టింది, కోటయ్య సరిగ్గా తొక్కాడు. నేను సరిగ్గా కొలిచాను. అయినా కాయ పోయింది. ఎక్కడ సరిదిద్దాలి అంటే, నాకు ఈ రోజుకీ పూర్తిగా తేలలేదు. కాయలో తేమ పదకొండున్నర దగ్గర ఆపితే అటు పగలకుండా, ఇటు బూజు పట్టకుండా ఉంటుందేమో. ఉంటుందేమో అనే అంటున్నాను.

పోయింది ఎంతో రాసి ఆపుతాను.

మస్తాన్‌వలి బస్తాలు నలభై ఎనిమిది. బరువు, చల్లిన నీటితో కలిపి, రెండు వేల పదహారు కిలోలు.

పూర్తిగా పారేసినవి పదిహేడు బస్తాలు, ఏడు వందల పద్నాలుగు కిలోలు.

నడుమ బూజు పట్టినవి ఇరవై రెండు బస్తాలు. బస్తాకి పదకొండు కిలోల వంతున తీసి పారేసింది రెండు వందల నలభై రెండు కిలోలు.

మచ్చ లేనివి తొమ్మిది బస్తాలు. అదే కుప్ప, అవే బిందెలు. ఇవి ఎందుకు బాగున్నాయో తెలియదు.

మొత్తం నష్టం తొమ్మిది వందల యాభై ఆరు కిలోలు.

అన్నీ పొడిగానే తొక్కి ఉంటే, 2004లో నేను తూచిన లెక్కన రాలిపోయేది నూట అరవై మూడు కిలోలు.

కౌలు పొలం మూడెకరాలు. అతను చేసింది పదకొండేళ్లు. తిరిగి రాలేదు.

రాసిన ఉత్తరాలు మూడు.

రిపోర్టులోంచి తీయించలేకపోయిన మాటలు మూడు.